మా ఆవిడ అబిసీనియా ప్రయాణం

మొన్నామధ్య పింఛను కచేరీలో కొత్త ఫోటో అడిగారని కడప బజారులో ఒక స్టూడియోకు వెళ్ళి నా వంతు కోసం కూర్చుని ఉండగా, నా ముందు ఒక చిన్నవయసు జంట కనిపించింది. ఆ అమ్మాయిని తెల్లటి తెర ముందు కూర్చోబెట్టి, నవ్వొద్దమ్మా, చెవులు కనపడాలమ్మా, ఇది వీసా ఫోటో అని స్టూడియో అతను సర్దుతున్నాడు. మొగుడు చంకలో బిడ్డనెత్తుకుని, ఆమె చేతిసంచీ తన భుజానికి తగిలించుకుని ఒక పక్కన నిలబడ్డాడు. ఊరికే ఉండలేక ఎక్కడికని అడిగాను. కువైటుకు, ఇంటిపనికి అన్నాడు. మరి నువ్వు అని అడిగితే, "ఆమె ముందు పోయి, ఏడాది తర్వాత నాకూ వీసా పంపిస్తాది తాతా, డ్రైవరు పనికి. అంతవరకూ బిడ్డ నాకాడనే ఉంటాది" అని, పండుగకు కొత్తచొక్కా కొనిస్తానన్నారని చెప్పే పిల్లవాడిలా ముఖమంతా వెలిగించుకుని చెప్పాడు. ఎనభైకి దగ్గరపడుతున్న నాకు ఆ కుర్రవాడి మీద అసూయ కలిగింది. అతని వయసు చూసి కాదు, కండబలం చూసి కాదు. పెండ్లాం తనకు వీసా పంపుతుందన్న మాటను అంత తేలికగా నలుగురిలో అనగలిగినందుకు.

నా ఈడువాళ్ళకైతే ఆ మాట వెనక ఎంత బరువు ఉండేదో విడమరిచి చెప్పనక్కరలేదు. కర్నూలు మన రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళలో, వీసా అన్న మాట మా కడపలో పదిమందికైనా తెలియని రోజుల్లో, ఆ మాటను నేర్చుకోవలసి వచ్చిన వాళ్ళలో నేనొకణ్ణి. నేర్చుకున్నది నా కోసం కాదు, మా ఆవిడ కోసం. బాధంతా అక్కడే ఉంది.

నేను అప్పుడు పురపాలక హైస్కూలులో తెలుగు పండితుణ్ణి. బద్వేలు దగ్గర పల్లెలో కూలికి పోయే తల్లిదండ్రులకు పుట్టి, మిషను హాస్టలులో అన్నం తిని విద్వాన్ పరీక్ష గట్టెక్కినవాణ్ణి కాబట్టి, నా మీద నాకు గొప్ప నమ్మకం ఉండేది. క్రిస్మస్‌కు చర్చిలో పాడే పాటలు నేనే కట్టేవాణ్ణి, పెండ్లిళ్ళలో పద్యాలు నేనే చదివేవాణ్ణి, వీధిలో నడిచిపోతుంటే అరుగుల మీద కూర్చున్న పెద్దలు "రాండి అయ్యవారూ" అని పలకరించేవారు. మా ఆవిడ మిషను ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. మద్రాసులో బి.ఏ. చదివింది, ఉపాధ్యాయ శిక్షణా పూర్తి చేసింది. చదువులో నాకంటే పై మెట్టే అయినా, నోరు విప్పి పెద్దగా మాట్లాడే మనిషి కాదు గనుక ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, నాకు కూడా. అప్పటికి మాకు నాలుగేళ్ళ కూతురు.

ఇప్పుడు ఇథియోపియా అంటున్న అబిసీనియా దేశంలో కొత్తగా పెట్టిన బడులకు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలని పత్రికలో ప్రకటన పడితే, మిషను బడికి పెద్దగా ఉన్న దొరసానమ్మ మా ఆవిడ చేత దరఖాస్తు పెట్టించింది. ప్రకటనను నేను రెండుసార్లు చదివాను. తెలుగు చెప్పేవాళ్ళు కావాలని అందులో ఎందుకు ఉంటుంది? అయినా సరే, ఒకసారి చదివి మళ్ళీ చదివాను. మద్రాసులో ఇంటర్వ్యూకు నేనే వెంట తీసుకుపోయి, హాలు బయట బల్ల మీద బిడ్డనాడించుకుంటూ కూర్చున్నాను. నెల తిరక్కముందే ఆమెను ఎంపిక చేసినట్టు జాబు వచ్చింది. మూడేళ్ళ కాంట్రాక్టు, ఉండటానికి ఇల్లు, ఓడ ఖర్చులు వాళ్ళవే.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు మన సహోదరి దూరదేశానికి వెళ్ళి విద్యాదానం చేయబోతున్నదని చాలాసేపు ప్రార్థన చేసి, ఆఖరున గుర్తొచ్చినట్టు ఆమె భర్తను కూడా దీవించమని ఒక్క మాట అన్నారు. ఆ "కూడా" అన్న మాట నాకు మధ్యాహ్నం అన్నం సహించకుండా చేసింది. బయటికి వస్తే అరుగుల మీది పెద్దలు "ఏమప్పా అయ్యవారూ, టీచరమ్మ ఎప్పుడు పోతాంది?" అని అడిగేవారు. ఎనిమిదేళ్ళుగా నేను ఆ వీధిలో సంపాదించుకున్న పేరు ఒక వారంలో టీచరమ్మ మొగుడుగా మారిపోయింది.

పాస్‌పోర్టు దరఖాస్తులు మాత్రం నేనే చూసుకున్నాను. కాగితం పని మగవాడిదని అప్పట్లో అందరమూ అనుకునేవాళ్ళం. కలెక్టరు కచేరీలో ఇచ్చిన కాగితాలు కర్నూలుకు చేరి అక్కడ ఆగిపోయాయని తెలిసి, బడికి రెండు రోజులు సెలవు పెట్టి బస్సెక్కాను. మైదుకూరు దాటాక దుమ్ము, ఆళ్ళగడ్డలో అహోబిలం యాత్రికులు దిగాక మరింత దుమ్ము. నంద్యాల మీదుగా కర్నూలు చేరేసరికి నా తెల్లపంచె ఎర్రబారిపోయింది. రాజధాని అంటే మేడలు ఊహించుకుని పోయినవాణ్ణి, డేరాలు చూసి నివ్వెరపోయాను. గుడారాల్లో గుమాస్తాలు, గాలికి ఎగిరిపోకుండా కాగితాల మీద గులకరాళ్ళు, నీళ్ళ కుండ పక్కన బంట్రోతు. అక్కడే మా చిన్నాయన కొడుకు ఒకడు గుమాస్తాగా ఉండేవాడు. వాడు ఆ సాయంత్రం నన్ను తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోయి కూర్చోబెట్టి, నేను పాస్‌పోర్టునూ వీసానూ కలగలిపి మాట్లాడటం విని నవ్వాడు.

"అన్నా, రెండూ ఒకటే అనుకుంటాండావు నువ్వు. పాస్‌పోర్టు మన సర్కారు ఇచ్చేది, ఈమె మా మనిషే అని. అందులోనే ఏయే దేశాలకు పోవచ్చో రాసిస్తారు. వీసా అనేది వాళ్ళ సర్కారు దాని మీద కొట్టే ముద్ర, సరే రానీ అని. మనోళ్ళు పొమ్మంటే సరిపోదు, వాళ్ళు రమ్మనల్ల."

దారిలో ఓడ మారే రేవుల్లో దిగడానికి వేరే అనుమతి ఉంటుందనీ, దాన్ని ట్రాన్సిట్ అంటారనీ, పనికి పోయేవాడి వీసా వేరు, చూసిరావడానికి పోయేవాడి వీసా వేరు అనీ, చూసిరావడానికని పోయి పని చేస్తే పట్టుకుని వెనక్కి పంపుతారనీ వాడు చెబుతూ పోయాడు. నేను పండితుణ్ణి గనుక ఒక్కొక్క మాటకూ మనసులో తెలుగు కట్టుకుంటూ విన్నాను. నిర్గమనానుమతి, ప్రవేశముద్ర, మార్గమధ్య విరామం. బాగానే కుదిరాయి. అప్పుడడిగాను, మరి నేను ఏ రకం అని.

"నువ్వు డిపెండెంటువు అన్నా" అన్నాడు వాడు.

అంటే ఏమిటన్నాను. ఉద్యోగం ఉన్న మనిషి మీద ఆధారపడి వెంట పోయేవాళ్ళన్నాడు. నా బుర్రలో తెలుగు మాట తడుముకోనక్కరలేకుండానే దొరికింది, ఆశ్రితుడు. రాజుల దగ్గర ఉన్న కవులను ఆశ్రితులని నేనే పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, అప్పుడది ఎంతో గౌరవంగా వినిపించేది. పెండ్లాం పక్కన పెట్టి చూస్తే మాత్రం నాలుక మీద నిప్పు పెట్టినట్టయింది. తిరుగు బస్సులో నంద్యాల దాకా ఆ మాటే నమిలాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే, నీ వెంట ఆశ్రితుడుగా వచ్చే ఖర్మ నాకు పట్టలేదు, నువ్వూ బిడ్డా పోండి అనేశాను. ఆమె చెంబుతో నీళ్ళందించి, "ముందు కాళ్ళు కడుక్కోండి" అంది. దరఖాస్తులో నా పేరు అలాగే ఉంచింది.

తర్వాత పోలీసు విచారణ. దేశం దాటి పోయేవాళ్ళు మంచివాళ్ళా కాదా అని పోలీసులు ఇంటికొచ్చి కనుక్కునేవారు, ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది కదా. ఒక సాయంత్రం హెడ్డు కానిస్టేబులొకాయన సైకిలు దిగి, నేను వేసిన కుర్చీలో కూర్చుని, నా ఊరు, నా నడత, నా మీద కేసులూ అన్నీ అడిగి రాసుకున్నాడు. మా ఆవిడ కాఫీ తెచ్చిపెడితే ఆమె వంక చూడనైనా చూడలేదు. లేచిపోయే ముందు కాగితం తిరగేసి, కనుబొమ్మలు ముడిచాడు.

"ఇదేందప్పా అయ్యవారూ, ఆడమనిషి పేరుండాది?"

"పోయేది ఆమె" అన్నాను.

"మరి నువ్వో?"

"నేను ఆమెతో పాటు."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "అంటే ఆమే నిన్ను పిల్చుకపోతాండాది. శానా బాగుండాది పో!" అని, రాసిందంతా కొట్టేసి, మా ఆవిడను పిలిచి మొదటినుంచీ అడిగాడు. ఆమె చెబుతుంటే నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఆ ఇంట్లో నేను నిలబడి, ఆమె కూర్చుని, బయటి మనిషి ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి.

ఇన్ని అగచాట్లు పడ్డాక పాస్‌పోర్టులు వచ్చాయి. ఆమెదొకటి, నాదొకటి. పిల్లకు వేరే పుస్తకం ఉండేది కాదు, తల్లి పాస్‌పోర్టులోనే పేరు రాసేవారు. ఆ నల్లటి అట్ట పుస్తకం చేతిలో పడ్డాక నా పౌరుషం కొంచెం మెత్తబడింది. ఆశ్రితుడైతే ఏమి, అక్కడికి పోయాక ఏదో ఒక బడిలో ఏదో ఒకటి చెప్పుకోలేనా, సముద్రం మీద పద్యాలు రాయలేనా అనుకుంటూ, బజారులో ఉన్నికోటు ధర కూడా కనుక్కుని వచ్చాను. అది చలిదేశమని విన్నాను మరి.

సరిగ్గా అప్పుడే అబిసీనియా నుంచి జాబు వచ్చింది. కాంట్రాక్టు షరతుల్లో ఆశ్రితులంటే ఉద్యోగి భార్య, చిన్నపిల్లలు. వాళ్ళకే ఇల్లు, ఓడ ఖర్చు, మూడేళ్ళ వీసా. ఉద్యోగి భర్త గురించి షరతుల్లో ఏమీ లేదు. ఆయన కావాలంటే సొంత ఖర్చుతో సందర్శకుడుగా రావచ్చు, మూడు నెలలుండి వెళ్ళిపోవచ్చు. అంతే. షరతులు రాసినవాళ్ళకు ఉద్యోగి అంటే మగవాడే అనిపించి ఉంటుంది, మా హెడ్డు కానిస్టేబులుకు అనిపించినట్టే.

వద్దని విసిరికొట్టిన మాట నాకు దక్కదని తెలిసిన క్షణంలో దాని కోసం ఎంత ఆరాటపడ్డానో చెప్పలేను. మా కూతురికి ఇంకా చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు, ఆ పిల్లకు వీసా ఉంది. నాకు లేదు. ఓడలు ఎక్కేవాళ్ళకు సూదులు వేయించాలంటే ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకుపోయాను. తల్లికీ పిల్లకూ భుజాలు వాచి, జ్వరం వచ్చి, పిల్ల రెండు రోజులు ఏడ్చింది. తడిగుడ్డ వేస్తూ ఆ వాచిన చేతుల మీద కూడా అసూయపడ్డాను. కన్నకూతురి మీద అసూయ ఏమిటని ఇది చదివేవాళ్ళు అనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను. అనుకున్నంత మాత్రాన అది పోలేదు.

జాబు వచ్చిన నాలుగోరోజు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, మా ఆవిడ తానే మాట కదిలించింది.

"మీరు వద్దంటే మానుకుంటా. మనసులో పెట్టుకోను కూడా. కానీ ఆ మాట మీరే అనల్ల. నా నోటితో నేను వద్దనుకోలేను. నాకు పోవాలని ఉండాది."

ఆరేళ్ళ కాపురంలో నాకు ఇది కావాలని ఆమె అడగడం నేను వినలేదు. చీర కూడా ఎప్పుడూ అడిగి కొనిపించుకోలేదు. బడిలో తోటి పంతుళ్ళు మాత్రం, మొగుడు వద్దంటే ఇంక తిరుగేముంది, ఒక్క మాటతో తెగిపోయేదానికి ఇంత ఆలోచనెందుకు అని నన్ను ఎగదోశారు. ఎటూ తేల్చుకోలేక మా అమ్మ దగ్గరికి పోయాను. అమ్మ నా పక్షం పలుకుతుందని, అప్పుడు అమ్మ ఒప్పుకోలేదని చెప్పవచ్చునని నా ఆశ.

అమ్మ కళ్ళంలో కొర్రలు చెరుగుతూ ఉంది. నేను పాస్‌పోర్టు అనీ వీసా అనీ చెప్పినదంతా చెవినబెట్టి, చేట ఆపకుండానే అంది.

"నువ్వు చంటిపిల్లోడుగా ఉన్నెప్పుడు కరువొస్తే, నిన్ను మీ అవ్వకాడ ఇడిసిపెట్టి నేను కోలారు గనుల కాడికి పోలేదా నాయనా? మీ నాయనకు కాలిలో ముల్లు దిగి చీము పట్టి మంచాన పడుంటే, నేనే పోయి రాళ్ళు మోసి మిమ్మల్ని సాకితి. అప్పుడు ఈ ఊర్లో ఎవురన్నా మీ నాయన్ను చూసి నవ్వినారా? పని ఉన్నకాడికి పోతాం. దానికి ఆడేంది, మొగేంది? నీకు చదువొచ్చినాక సిగ్గొచ్చింది."

కోలారు సంగతి నాకు తెలియనిది కాదు. మా అమ్మ చేసిన ఆ పనీ మా ఆవిడ చేయబోయే ఈ పనీ ఒకటేనని మాత్రం నాకు ఎన్నడూ తోచలేదు. బీదవాళ్ళ ఆడవాళ్ళు వలసపోతే అది బతుకుతెరువు, చదువుకున్న ఆడది పోతే మొగుడికి నామోషీ. ఈ తేడా నాకు ఎక్కడ అంటుకుందో తెలియదు గాని, బద్వేలు నుంచి తిరుగు బస్సులో అది కొంత వదిలింది. కొంతే సుమా. పొమ్మని ఇంటికొచ్చి చెప్పాను. అందులో ప్రేమ ఉంది, పెండ్లాం మీద ఓర్వలేక ఆపాడని వీధిలో అనిపించుకోకూడదన్న పంతమూ ఉంది. రెంటిలో ఏది ఎక్కువో ఆమెకు తెలిసే ఉంటుంది. "మంచిది" అని, లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

బొంబాయి మెయిలు ఎక్కించిన నాడు కడప స్టేషను మా వాళ్ళతో నిండిపోయింది. చర్చి పాటగాళ్ళు, బడి పిల్లలు, అరుగుల మీది పెద్దలు, పల్లె నుంచి మా అమ్మ, చివరికి ఆ హెడ్డు కానిస్టేబులు కూడా. నేను కట్టిన పాటే వాళ్ళు పాడారు గాని, అందరి కళ్ళూ ఆమె మీదనే. కిటికీ పక్కన కూర్చున్న మా పిల్ల "నాయనకు టికెట్టు తీయలేదా?" అని గట్టిగా అడిగింది. పాటగాళ్ళు గొంతు పెంచారు. రైలు కదిలాక మా ఆవిడ కిటికీలోంచి చేయి చాచి నా చొక్కా చేతిని పట్టుకుని, నేను నడవగలిగినంత దూరం నడిచేదాకా వదల్లేదు. అంతమందిలో అలా చేసే మనిషి కాదు.

మూడేళ్ళు. అమ్మ వచ్చి నా దగ్గర ఉంది. జొన్నరొట్టె తట్టడం నేర్చుకున్నాను, సంగటి మాత్రం ఎప్పుడూ ఉండకట్టేది. మధ్యలో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, కర్నూలు డేరాలు పీకేశారు, మా చిన్నాయన కొడుకూ అటే పోయాడు. అబిసీనియా నుంచి మా ఆవిడ ఉత్తరాలు వచ్చేవి. కొండల మీద ఊరనీ, మధ్యాహ్నం కూడా శాలువా కావాలనీ, పుల్లటి పెద్ద దోసె వంటిది వేసి దాని మీదనే కూర వడ్డిస్తారనీ, పిల్లలు తనను చూసి లేచి నిలబడి వంగి నమస్కరిస్తారనీ రాసేది. ఒక్కొక్క ఉత్తరం పది పదిహేనుసార్లు చదివేవాణ్ణి. సందర్శకుడుగా వేసవికి రమ్మని ఒకసారి రాసింది, దారిఖర్చు పంపుతానంది. నేను బయలుదేరే ప్రయత్నంలో ఉండగానే అమ్మకు పక్షవాతం వచ్చింది. ఆమెను వదిలి కదల్లేకపోయాను. నా పాస్‌పోర్టు మీద ఒక్క ముద్రయినా పడకుండానే గడువు తీరిపోయింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి అమ్మ లేదు. పిల్ల నన్ను చూసి తల్లి చీర వెనక దాక్కుని, నాకు తెలియని భాషలో ఏదో అడిగింది. నాకు అర్థం కాని మాట నా కూతురి నోట వింటుంటే, ఆ భాష తెలిసిన వాళ్ళందరి మీదా కోపమొచ్చింది. నెల తిరిగేసరికి మళ్ళీ తెలుగులో తగాదా పెట్టుకోవడం మొదలుపెట్టింది, ఆ బాధ తీరింది.

ఇంకో మూడేళ్ళు ఉండమని అక్కడివాళ్ళు అడిగారనీ, జీతం పెంచుతామన్నారనీ నాకు మరెవరో చెబితే తెలిసింది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె పక్కన కూర్చుని, ఎందుకు వచ్చేశావని అడిగాను. ఆమె తలెత్తలేదు.

"నాకు ఆడ అన్నీ ఉండాయి. మీకే వీసా లేదు గదా" అంది.

నేనూ ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. తర్వాత ఆమె అదే మిషను బడికి ప్రధానోపాధ్యాయిని అయింది, ఆ పదవిలోనే రిటైరయింది. నలభై ఏళ్ళపాటు ఇంటికొచ్చిన ప్రతివారికీ అబిసీనియా కబుర్లు చెప్పేది. ఆమె చెబుతుంటే నేను మధ్యలో అడ్డుపడి, ఆ కొండ ఊరికి తూర్పున కదా, పడమర అంటావేమి అని సరిదిద్దేవాణ్ణి. ఆమె ఉత్తరాలు నాకు ఆమెకంటే బాగా గుర్తు. వచ్చినవాళ్ళు, మీరు కూడా పోయినారా సార్ అని అడిగితే ఆమె నవ్వి నా వైపు చూసేది, నేను లేచి వేరే పని చూసుకునేవాణ్ణి. అయిదేళ్ళ క్రితం ఆమె పోయింది. ఇప్పుడు ఆ కబుర్లు నేనే చెబుతున్నాను. వినేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మా జిల్లాలో వీసా అన్న మాట తెలియని ఇల్లు లేదు. రాయచోటి వైపు, రాజంపేట వైపు పల్లెలకు పల్లెలు గల్ఫు జీతాల మీద బతుకుతున్నాయి. అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు సైతం, ఇంటిపని వీసా వేరు, కంపెనీ వీసా వేరు అని, నాకు మా చిన్నాయన కొడుకు చెప్పినదానికంటే బాగా చెబుతారు. ఆడవాళ్ళు పోతారు, మగవాళ్ళు బిడ్డలకు జడలు వేసి బడికి పంపుతారు, ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయరు. ఇదంతా మంచికే. కానీ తెల్లవారుజామున మా వీధిలోంచి మద్రాసు విమానాశ్రయానికి వ్యాన్లు బయలుదేరుతుంటాయి. ఒక ఆడమనిషి తాళ్ళు బిగించిన అట్టపెట్టె ఎక్కించుకుని వెళ్ళిపోతుంటే, కొళాయి దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళు తలైనా తిప్పరు. పాటలు లేవు, ప్రార్థనలు లేవు. రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగొచ్చినా అంతే. అంత మామూలైపోయింది. నాకు ఆ వేళకు ఎటూ నిద్ర ఉండదు గనుక, చేతికర్ర ఆనుకుని గేటు దగ్గర నిలబడి చేయి ఎత్తుతాను. ఈ ముసలాయన ఎవరో ఏమిటో ఆమెకు తెలియదు. అయినా వ్యాను మలుపు తిరిగేలోపు కిటికీలోంచి ఒక చేయి బయటికి వస్తుంది.